‘ఆల్ రిస్క్స్’ అని రాసి ఉన్నా 24 గంటల షరతు దగ్గర ఆగిన రొయ్యల కంటైనర్ క్లెయిమ్

ప్రశ్న క్లుప్తంగా: భీమవరం దగ్గరి మా ప్లాంటు నుంచి విశాఖపట్నం ఓడరేవు మీదుగా న్యూయార్క్‌కు ఒక రీఫర్ (శీతలీకరణ యంత్రం ఉన్న) కంటైనర్ వనామి రొయ్యలు సీఐఎఫ్ పద్ధతిలో (సరుకు ధర, బీమా, ఓడ కిరాయి కలిపి అమ్మే పద్ధతి) పంపాం. అక్కడ తెరిచి చూస్తే గోడల పక్క వరుసల్లోని కార్టన్లు కరిగి మళ్లీ గడ్డకట్టి ఉన్నాయి. డేటా లాగర్ (ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం) ప్రకారం శీతలీకరణ యంత్రం దారిలో మూడుసార్లు ఆగింది: 19 గంటలు, 21 గంటలు, 17 గంటలు. కొనుగోలుదారు డబ్బు కట్టకుండా కాగితాలు వెనక్కి పంపేశాడు. పాలసీ షెడ్యూల్లో (వివరాల పట్టికలో) ‘ఇన్‌స్టిట్యూట్ కార్గో క్లాజెస్ ఏ, ఆల్ రిస్క్స్, రీఫర్ బ్రేక్‌డౌన్‌తో సహా, ఇన్‌స్టిట్యూట్ ఫ్రోజెన్ ఫుడ్ క్లాజెస్ ఏకు లోబడి’ అనే అర్థం వచ్చేలా ఒక వరుస టైపు చేసి ఉంది. యంత్రం వరుసగా 24 గంటలు ఆగలేదు కాబట్టి క్లెయిమ్ చెల్లదని బీమా కంపెనీ ఉత్తరం పంపింది. మొత్తం 57 గంటలు ఆగినా చెల్లదా? వచ్చే ఏడాది పాలసీ మాటలు ఎలా రాయించుకోవాలి?

సమాధానం:

ముందు సూటిగా చెబుతాను. మీ క్లెయిమ్ ఇంకా బతికే ఉంది. అయితే ఆ తిరస్కరణ ఉత్తరం రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లేమీ కారు. వాళ్లు చూపిస్తున్న క్లాజు 19, 21, 17లను కూడటానికి ఒప్పుకోదు. ‘వరుసగా 24 గంటలకు తగ్గకుండా’ అని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి ‘మొత్తం 57 గంటలు కదా’ అనే వాదన ఒక్కదాన్నే పట్టుకుని వెళ్తే మీరు ఓడిపోతారు. గెలవడానికి దారులు వేరే ఉన్నాయి. ఒకటి షెడ్యూల్లోని ఆ ఒక్క వరుసలో ఉంది, రెండోది కంటైనర్ కంట్రోలర్ (శీతలీకరణ యంత్రాన్ని నడిపే కంప్యూటర్) రికార్డులో ఉంది.

షెడ్యూల్లోని వరుసను మూడు ముక్కలుగా విడదీసి చూడండి. మొదటి ముక్క ‘ఏ’ రకం ప్రామాణిక క్లాజులు, ఆల్ రిస్క్స్ (మినహాయించినవి తప్ప అన్ని ముప్పులూ). రెండో ముక్క రీఫర్ బ్రేక్‌డౌన్‌తో సహా; ఇక్కడ గంటల ఊసే లేదు. మూడో ముక్క ఫ్రోజెన్ ఫుడ్ క్లాజులకు (గడ్డకట్టిన ఆహారానికి వేరుగా అచ్చయిన షరతులకు) లోబడి. రెండో ముక్క విశాలంగా ఇచ్చినదాన్ని మూడో ముక్క ఇరుకు చేస్తోంది. ఇలాంటి చిక్కులో కోర్టులు మొదట పట్టుకునే సూత్రం చాలా పాతది. 1803లో ఇంగ్లండులో రాబర్ట్‌సన్ వర్సెస్ ఫ్రెంచ్ అనే కేసులో (అదీ సముద్ర బీమా కేసే) లార్డ్ ఎలెన్‌బరో చెప్పినది ఇది: అచ్చులో అందరికీ ఒకేలా ఉండే మాటల కంటే, ఈ ఒప్పందం కోసం ప్రత్యేకంగా చేత్తో రాసుకున్న మాటలకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇప్పుడు చేతిరాత స్థానంలో టైపు వచ్చింది. ఆ లెక్కన గంటల పరిమితి లేకుండా టైపు చేసిన ‘రీఫర్ బ్రేక్‌డౌన్‌తో సహా’ అనే మాటకు బరువు ఉంది. ఫ్రోజెన్ ఫుడ్ క్లాజుల్లో బ్రేక్‌డౌన్ ఎలాగూ ఉన్నప్పుడు, అదనంగా ఆ మాట టైపు చేయడానికి వేరే కారణం ఏముంటుంది? ఆ అదనపు మాటకు ఏదో ఒక పని ఉండాలి కదా అన్నది మీ వాదన.

కంపెనీ జవాబు కూడా ముందే ఊహించుకోండి. ‘లోబడి’ అనే మాట కూడా టైపు చేసినదే. దాన్ని టైపు చేయడంలోనే ముద్రిత క్లాజుకు పెద్దపీట వేశాం, బ్రేక్‌డౌన్ అనేది కేవలం సూచన అంటారు. నా అంచనాలో ఈ రెండు వాదనలూ దాదాపు సరిసమానం, కొంచెం కంపెనీ వైపే మొగ్గు. మీకు తీపి మాటలు చెప్పి లాభం లేదు.

అక్కడ చాలామంది ‘అస్పష్టత ఉంటే బీమా చేయించుకున్నవాడికి అనుకూలంగా చదవాలి కదా’ అంటారు. సూత్రం నిజమే, కానీ దానికి రెండు పగ్గాలున్నాయి. మొదటిది: నిజంగా అస్పష్టత ఉండాలి. 1966లో జనరల్ అస్యూరెన్స్ సొసైటీ వర్సెస్ చందుమల్ జైన్ కేసులో సుప్రీంకోర్టు, పార్టీలు రాసుకున్న మాటలకు అర్థం చెప్పడమే కోర్టు పని, పార్టీల బదులు కొత్త ఒప్పందం రాయడం కాదు అని తేల్చింది. ఇప్పటికీ ప్రతి బీమా తీర్పులోనూ ఆ మాట వినిపిస్తుంది. రెండో పగ్గాన్ని ఎవరూ పట్టించుకోరు: సందేహం వస్తే మాటలు రాసినవాడికి వ్యతిరేకంగా చదువుతారు. మీ షెడ్యూల్లోని ఆ వరుస ఎవరు రాశారు? మీ బ్రోకర్ ఈమెయిల్లో పంపినదాన్ని కంపెనీ యథాతథంగా ఎక్కించి ఉంటే, ఆ సూత్రం మీకే ఎదురు తిరగవచ్చు. బ్రోకర్ మీ మనిషి, కంపెనీ మనిషి కాడు. పాత ఈమెయిళ్లు తీసి, ఆ వరుస మొదట ఎవరి చేతి నుంచి వచ్చిందో చూడండి. కంపెనీ కొటేషన్లోనే అది ఉంటే మీ పంట పండినట్టే.

ఆ సూత్రం బాగా పనిచేసిన ఇటీవలి కేసు కూడా మీ రంగానికి దగ్గరదే. చేప నూనె ఎగుమతి చేసే హారిస్ మెరైన్ ప్రొడక్ట్స్‌కు, ఎగుమతి రుణ బీమా సంస్థ ఈసీజీసీకి మధ్య 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాలసీ అమల్లోకి రావడానికి ఒక రోజు ముందే ఓడలోకి సరుకు ఎక్కించడం మొదలైందని సంస్థ క్లెయిమ్ తిరస్కరించింది. పాలసీ కాపాడుతున్నది విదేశీ కొనుగోలుదారు డబ్బు ఎగ్గొట్టే ముప్పు నుంచి. ఆ ముప్పుకు, లోడింగ్ మొదలైన తేదీకి సంబంధం తక్కువ. సందేహాన్ని ఎగుమతిదారుకు అనుకూలంగా తీర్చాలి అంది కోర్టు. అంటే అస్పష్టతను విడిగా చూపిస్తే చాలదు. పాలసీ ఏ ముప్పు కోసం తీసుకున్నదో దానితో ముడిపెట్టి చూపించాలి. గడ్డకట్టిన సరుకుకు తీసుకున్న పాలసీలో ముఖ్యమైన ముప్పు కరిగిపోవడమే అని మీరు మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

ఇక ఫ్రోజెన్ ఫుడ్ క్లాజు దగ్గరికి వద్దాం. దాని కట్టడం విచిత్రంగా ఉంటుంది. మొదట ఆల్ రిస్క్స్ ఇస్తుంది. వెంటనే, ఏ కారణం వల్లనైనా సరే ఉష్ణోగ్రత మార్పుతో వచ్చే నష్టాన్ని అందులోంచి తీసేస్తుంది. గడ్డకట్టిన సరుకు నుంచి ఉష్ణోగ్రతను తీసేస్తే మిగిలేది దొంగతనం, తడవడం, పగలడం. ఆ తర్వాత తీసేసిన ఉష్ణోగ్రత నష్టాన్ని కొన్ని సన్నని కిటికీల గుండా వెనక్కి రానిస్తుంది: అగ్నిప్రమాదం, ఓడ నేలకు తగలడం లేదా మునగడం, ఓడలు ఢీకొనడం, నేల మీది వాహనం బోల్తా పడటం వంటివి, వాటితోపాటు యంత్రం చెడిపోయి వరుసగా కనీసం 24 గంటలు ఆగిపోవడం. ఇందులో పెద్ద తిరకాసు ఉంది. మామూలు ఆల్ రిస్క్స్‌లో నష్టం అనుకోకుండా జరిగిందని మీరు చూపిస్తే చాలు, మినహాయింపు వర్తిస్తుందని నిరూపించాల్సిన బరువు కంపెనీది. ఉష్ణోగ్రత విషయానికి వచ్చేసరికి కిటికీ గుండా లోపలికి వచ్చామని నిరూపించాల్సిన బరువు మీ నెత్తినే పడుతుంది. షెడ్యూల్లో ‘ఆల్ రిస్క్స్’ అని చదివి నిశ్చింతగా ఉన్నవాళ్లకు ఈ సంగతి క్లెయిమ్ రోజునే తెలుస్తుంది.

ఆ కిటికీకి మూడు గడియలున్నాయి. యంత్రం చెడిపోవాలి. చెడిపోవడం వల్లనే ఆగాలి. ఆగడం వరుసగా 24 గంటలు ఉండాలి. కంపెనీ మూడో గడియను మాత్రమే పట్టుకుంది. అసలు గొడవ మొదటిదాని దగ్గరే రావచ్చు, జాగ్రత్త. రీఫర్ యంత్రం తనంతట తాను చెడిపోవడం ఒక రకం. టెర్మినల్లోనో ఓడ మీదో ప్లగ్గు పెట్టకపోవడం, సాకెట్‌లో కరెంటు లేకపోవడం, భీమవరం నుంచి విశాఖ వచ్చేటప్పుడు ట్రైలర్ జెన్‌సెట్‌లో (జనరేటర్‌లో) డీజిల్ అయిపోవడం మరో రకం. రెండో రకంలో యంత్రం శుభ్రంగానే ఉంది, దానికి కరెంటు అందలేదంతే. మైనస్ 20కి బదులు మైనస్ 2 అని సెట్ చేయడం మూడో రకం; యంత్రం చెప్పినట్టే చేసింది, చెప్పినవాడిది తప్పు. ఈ రెండింటినీ ‘బ్రేక్‌డౌన్’ అనడానికి కంపెనీలు ఒప్పుకోవు, మాటల ప్రకారం చూస్తే వాళ్ల పట్టుదలకు అర్థం ఉంది.

అందుకే మీరు ముందుగా సంపాదించాల్సింది కార్టన్ల మధ్య పెట్టిన చిన్న డేటా లాగర్ గ్రాఫు ఒక్కటే కాదు, కంటైనర్ కంట్రోలర్‌లోని పూర్తి రికార్డు. రెండూ వేరు. లాగర్ ఉన్నచోటి ఉష్ణోగ్రత మాత్రమే చెబుతుంది. కంట్రోలర్ రికార్డులో సరుకు వైపు వదిలే గాలి ఉష్ణోగ్రత, తిరిగి వచ్చే గాలి ఉష్ణోగ్రత, సెట్ పాయింట్ (యంత్రానికి నిర్ణయించిన ఉష్ణోగ్రత), మంచు కరిగించే డీఫ్రాస్ట్ వేళలు, కరెంటు పోయిన వేళలు, అలారం కోడ్లు ఉంటాయి. మూడుసార్లు ‘ఆగింది’ అంటున్నారే, ఆ మూడు ఆగడాల మధ్య యంత్రం నడిచిన గంటల్లో ఏం జరిగిందో చూడండి. వదిలే గాలి తిరిగొచ్చే గాలి కంటే చల్లగా లేకపోతే ఫ్యాన్లు తిరిగాయే తప్ప చల్లదనం తయారు కాలేదని అర్థం. కంప్రెసర్ పనిచేయకుండా ఫ్యాన్ మాత్రమే తిరగడాన్ని ‘శీతలీకరణ యంత్రం’ నడవడం అంటారా? అనకూడదని వాదించవచ్చు. ఆ వాదన నిలబడితే 19, ఆ మధ్య గంటలు, 21 అన్నీ ఒకే ఆగడం అవుతాయి, వరుసగా 24 దాటిపోతుంది. నా దృష్టిలో మీ కేసులో అన్నిటికంటే బలమైన ఆశ ఇదే. షిప్పింగ్ లైన్‌ను ఈ రికార్డు వెంటనే రాతపూర్వకంగా అడగండి. ఆ కంటైనర్ వేరే సరుకుతో మరో ప్రయాణానికి వెళ్లాక రాబట్టడం కష్టం.

సర్వేయర్ నివేదికలో మరో రెండు విషయాలు వెతకండి. కంటైనర్ లోపలి గోడ మీద ఎర్ర గీత ఉంటుంది. దానికి పైన కార్టన్లు పేరిస్తే గాలి తిరగదు. మీ కూలీలే ప్లాంటులో ఎర్ర గీత దాటి పేర్చారని ఫోటో ఉంటే, కంటైనర్‌లో సర్దడం కూడా ప్యాకింగ్ కిందికే వస్తుందన్న మినహాయింపును కంపెనీ లాగవచ్చు. రెండోది, ఎక్కించే ముందు రొయ్య లోపలి ఉష్ణోగ్రత మైనస్ 18కి దిగిందా అన్న రికార్డు. అది లేకపోతే సరుకు మొదటి నుంచే సరిగా గడ్డకట్టలేదు, స్వభావ దోషం (సరుకు తనంతట తాను చెడే గుణం) అంటారు. తిరస్కరణ ఉత్తరంలో ఈ రెండూ లేవు కాబట్టి ఊపిరి పీల్చుకోండి: 2016లో హైదరాబాద్‌కు చెందిన గలాడా పవర్ కంపెనీ రవాణా బీమా కేసులో, తిరస్కరణ ఉత్తరంలో చెప్పని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో ఎత్తకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఉత్తరంలో ఉన్నది 24 గంటల కారణం ఒక్కటే. జవాబు రాసేటప్పుడు వాళ్లు అడగని సంగతులన్నీ మీరే చెప్పి కొత్త దారులు తెరవకండి. సీఐఎఫ్ అమ్మకంలో నష్టం నాటికి సరుకు మీద మీకు బీమాయోగ్యమైన ఆసక్తి (సరుకు పోతే మీకే నష్టం అనే సంబంధం) ఉందా అనే ప్రశ్న కూడా వాళ్లు ఎత్తలేదు. బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు పత్రం) అసలు ప్రతులు భద్రంగా ఉంచుకోండి చాలు.

స్వభావ దోషం అన్నాను కాబట్టి కాస్త ఆగుతాను, ఆల్ రిస్క్స్‌ను అర్థం చేసుకోవడానికి ఇదే కీలకం. 1921లో బ్రిటిష్ అండ్ ఫారిన్ వర్సెస్ గాంట్ కేసులో, చిలీ నుంచి వచ్చిన తడిసిన ఉన్ని విషయంలో లార్డ్ సమ్నర్ చెప్పింది ఏమిటంటే, ఆల్ రిస్క్స్ ముప్పు నుంచి కాపాడుతుంది, తప్పక జరిగేదాని నుంచి కాపాడదు. బయటి నుంచి వచ్చి పడేదాని నుంచి కాపాడుతుంది, సరుకు తన స్వభావం కొద్దీ చెడితే కాపాడదు. ఇది ఎంత దూరం వెళ్తుందో మన దేశపు సరుకుతోనే తేలింది. కలకత్తా నుంచి రోటర్‌డామ్‌కు తోలు చేతితొడుగులు వెళ్లాయి. గమ్యంలో తెరిచి చూస్తే తడిసి, బూజు పట్టి ఉన్నాయి. తేమ ఎక్కడిది? ఎక్కించే ముందే తొడుగులు గాలిలోని తేమను పీల్చుకున్నాయి. చల్లని ప్రాంతానికి వెళ్లాక ఆ తేమ ఆవిరై, కంటైనర్ పైకప్పుకు తగిలి నీళ్లయి, చుక్కలుగా మళ్లీ తొడుగుల మీదే పడింది. నీళ్లు పైనుంచి పడ్డాయి కాబట్టి బయటి కారణమే అని కింది కోర్టు అంది. 1990లో నోటెన్ వర్సెస్ హార్డింగ్ పేరిట ఇంగ్లండు అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది: నీళ్లు సరుకులోంచే పుట్టాయి, కాబట్టి స్వభావ దోషమే. బట్టలు, తోలు, పసుపు, మిర్చి ఎగుమతి చేసే ప్రతివారూ ఈ తీర్పు సారాంశం గోడకు అంటించుకోవాలి అంటాను.

దానికి మరో కొస 2011 నాటి సెండర్ మోపు కేసు. అమెరికాలోని గాల్వెస్టన్ నుంచి మలేషియాలోని లుముట్‌కు బార్జి మీద తీసుకెళ్తున్న చమురు రిగ్గు కాళ్లు మూడూ 2005లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ దాటాక విరిగి సముద్రంలో పడ్డాయి. లోహం అలసిపోవడం స్వభావ దోషమే అంది కంపెనీ. కాళ్లు బలహీనంగానే ఉన్నా, వాటిని విరిచింది అలల తాకిడే, కాబట్టి నష్టం చెల్లించాల్సిందే అని బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. సరుకు సున్నితంగా ఉన్నంత మాత్రాన క్లెయిమ్ పోదని మీరు చెప్పుకోవడానికి ఇది పనికొస్తుంది. రొయ్య వేడి తగిలితే చెడుతుంది, అది దాని స్వభావం. కానీ వేడి తగిలింది యంత్రం ఆగడం వల్ల.

చట్టంలోని ఈ మినహాయింపులన్నీ శిలాశాసనాలని అనుకోకండి. మన 1963 సముద్ర బీమా చట్టం 55వ సెక్షన్ స్వభావ దోషాన్నీ, ఆలస్యం వల్ల వచ్చే నష్టాన్నీ మినహాయిస్తూనే ‘పాలసీలో వేరుగా ఉంటే తప్ప’ అంటుంది. కొనుక్కోగలిగితే స్వభావ దోషాన్ని కూడా కొనుక్కోవచ్చు. సోయా గింజలు వేడెక్కడం, చెమర్చడం, వాటంతటవి అంటుకోవడం మీద తీసుకున్న ప్రత్యేక పాలసీ స్వభావ దోషం నుంచీ కాపాడుతుందని 1983లో సోయా వర్సెస్ వైట్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకుంది. ఉద్దేశపూర్వక దుష్ప్రవర్తన ఒక్కటే ఏ ప్రీమియానికీ దొరకదు.

ఆలస్యం గురించి ఒక్క మాట. 2023 చివర ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళ్లాయి. యంత్రం ఆగకుండా, ప్రయాణం సాగి సాగి సరుకు నాణ్యత పడిపోతే, ఆలస్యానికి కారణం బీమా చేసిన ముప్పే అయినా సరే, ‘ఏ’ రకం క్లాజుల్లో కూడా డబ్బు రాదు. అలాగే అమెరికా ఆహార ఔషధ సంస్థ యాంటీబయాటిక్ అవశేషాలని సరుకు తిప్పి పంపితే అది సరుకుకు భౌతిక నష్టం కాదు. దానికి రిజెక్షన్ బీమా అనే వేరే పాలసీ ఉంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. పాలసీ రాయించుకునేటప్పుడు నేను పాటించేది ఒకటే: ప్రతి షరతునూ రుజువు వైపు నుంచి చదువుతాను. నష్టం జరిగిన రోజున ఈ మాటను ఏ కాగితంతో చూపిస్తాను, ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటుంది? జవాబు దొరకకపోతే ఆ మాట మార్చాల్సిందే. అలా చూస్తే మీ బ్రేక్‌డౌన్ నిబంధన తెలుగులో చెప్పాలంటే ఇలా ఉండాలి, మీ బ్రోకర్ దీన్ని ఇంగ్లిషులో పెడతాడు:

‘సరుకు కంటైనర్‌లోకి ఎక్కించిన తర్వాత, శీతలీకరణ యంత్రం చెడిపోవడం, సరిగా పనిచేయకపోవడం, ఏ కారణం వల్లనైనా దానికి విద్యుత్తు అందకపోవడం, లేదా బీమా చేయించుకున్నవారు కాని ఇతరులు తప్పు ఉష్ణోగ్రత సెట్ చేయడం వల్ల ఉష్ణోగ్రత మారి సరుకుకు జరిగే నష్టం ఈ పాలసీ పరిధిలోకి వస్తుంది. ఒకే ప్రయాణంలో ఇలాంటి అంతరాయాలు అన్నీ కలిపి 24 గంటలకు తగ్గకుండా ఉంటే చాలు, వరుసగా ఉండనవసరం లేదు. గంటల లెక్కకు కంటైనర్ కంట్రోలర్ రికార్డు గానీ సరుకుతో ఉంచిన డేటా లాగర్ గానీ ఆధారం. ఈ నిబంధనకూ ముద్రిత క్లాజులకూ తేడా వస్తే ఈ నిబంధనే చెల్లుతుంది.’

కంపెనీ ఊరికే ఒప్పుకోదు. ప్రీమియం పెంచుతుంది, లేదా ప్రతి క్లెయిమ్‌లో కొంత మీరే భరించాలంటుంది. నన్నడిగితే, గంటల విషయంలో బేరం దిగిపోయినా సరే, ‘విద్యుత్తు అందకపోవడం’, చివరి వాక్యం ఈ రెండూ వదలకండి. గంటల కంటే ఆ రెండే ఎక్కువ క్లెయిములను కాపాడతాయి. ‘గానీ’ ఎందుకంటే, కంట్రోలర్ రికార్డు షిప్పింగ్ లైన్ చేతిలో ఉంటుంది, వాళ్ల మీదే రేపు మీరు నష్టపరిహారం అడుగుతారు. వాళ్లు ఇవ్వకపోయినా మీ లాగర్‌తో బండి నడవాలి.

వారంటీల (పాలసీలో మీరు కంపెనీకి ఇచ్చే కచ్చితమైన మాటల) విషయంలో మాత్రం నేను మొండివాడిని. ఒక పాలసీలో ‘ప్రయాణం మొత్తం మైనస్ 18 డిగ్రీలు నిలుపుతామని వారంటీ’ అని ఉండటం కళ్లారా చూశాను. చదవడానికి ముద్దుగా ఉంటుంది. అర్థం చేసుకోండి: యంత్రం ఆగితే ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఉష్ణోగ్రత పెరిగితే వారంటీ తప్పినట్టు, తప్పితే కంపెనీకి బాధ్యత లేదు. అంటే ఏ ముప్పు కోసం పాలసీ తీసుకున్నారో ఆ ముప్పు వచ్చిన క్షణమే పాలసీ మాయమవుతుంది. మన 1963 చట్టం ప్రకారం వారంటీని అక్షరాలా పాటించాలి, అది నష్టానికి సంబంధించినదా కాదా అన్నది అనవసరం. 2023లో హింద్ ఆఫ్‌షోర్ వర్సెస్ ఇఫ్కో టోకియో కేసులో ఓడ క్లాసు సర్టిఫికెట్ (ఓడ ప్రమాణాలకు తగినట్టుందన్న ధ్రువీకరణ) సజీవంగా ఉంచుతామన్న షరతు తప్పినందుకు సుప్రీంకోర్టు క్లెయిమ్ తిరస్కరణను సమర్థించింది. అందుకని మీ చేతిలో ఉన్నదానికి మాత్రమే మాట ఇవ్వండి: ఎక్కించేటప్పుడు సరుకు లోపలి ఉష్ణోగ్రత ఇంత, సెట్ పాయింట్ ఇంత, లాగర్ పెట్టాం. అదీ వారంటీగా కాకుండా, ‘పాటించకపోవడం నష్టానికి ఎంతవరకు కారణమైతే అంతవరకే చెల్లింపు తగ్గుతుంది’ అన్న షరతుగా రాయించండి.

ఇంగ్లండు ఈ కఠినత్వాన్ని 2015 బీమా చట్టంతో వదిలేసింది. 2016 ఆగస్టు నుంచి అక్కడ వారంటీ తప్పితే బీమా రక్షణ తాత్కాలికంగా ఆగుతుంది, సరిదిద్దుకుంటే మళ్లీ మొదలవుతుంది. మన చట్టం మాత్రం 1906 నాటి వాళ్ల చట్టం అచ్చులోనే ఉండిపోయింది. తమాషా ఏమిటంటే, మన కంపెనీలు వాడే ఇన్‌స్టిట్యూట్ క్లాజుల చివర ‘ఇంగ్లిష్ చట్టానికీ ఆచారానికీ లోబడి’ అని అచ్చయి ఉంటుంది, షెడ్యూల్లో మాత్రం భారత చట్టం, భారత కోర్టులు అని టైపు చేస్తారు. ఏది చెల్లుతుందో పాలసీ తీసుకునే రోజే రాతలో తేల్చుకోండి.

ఏడాది పొడవునా ఎగుమతి చేస్తారు కాబట్టి మీది ఓపెన్ పాలసీ (పంపే సరుకులన్నిటికీ కలిపి ఒకే పాలసీ) అయి ఉంటుంది. డిక్లరేషన్ షరతును తేలిగ్గా తీసుకోకండి. 2010లో సూరజ్‌మల్ రామ్ నివాస్ ఆయిల్ మిల్స్ కేసులో ప్రతి సరుకునూ పంపే ముందు తెలపాలన్న షరతు పాటించలేదని సుప్రీంకోర్టు క్లెయిమ్ తిరస్కరణను నిలబెట్టింది. అదే ఏడాది కాంట్‌షిప్ వర్సెస్ డీకే లాల్ కేసులో, ఎఫ్‌ఓబీ (సరుకు ఓడ ఎక్కించేవరకే అమ్మకందారు బాధ్యత ఉండే) అమ్మకాలకు వర్తించని పాలసీ కింద ఎఫ్‌ఓబీ సరుకు వెళ్లడంతో ఎగుమతిదారుకు ఏమీ రాలేదు. సీఐఎఫ్ అని రాసుకున్న ఒప్పందంలో మరో ముల్లు ఉంది: ఇన్‌కోటెర్మ్స్ 2020 (అంతర్జాతీయ అమ్మకపు నిబంధనలు) ప్రకారం సీఐఎఫ్ అమ్మకందారు ఇవ్వాల్సిన కనీస బీమా రక్షణ ‘సీ’ రకం (అన్నిటికంటే ఇరుకైన) క్లాజులే. అవి గడ్డకట్టిన సరుకుకు దండగ. కొనుగోలుదారుతో ఒప్పందంలోనే ‘ఏ’ రకం క్లాజులు, ఫ్రోజెన్ ఎండార్స్‌మెంట్ (గడ్డకట్టిన సరుకుకు అదనపు నిబంధన) అని రాయించుకుంటే ఆ ప్రీమియం ధరలో కలుస్తుంది. బీమా మొత్తం సీఐఎఫ్ విలువలో కనీసం 110 శాతం ఉండాలన్నది లెటర్ ఆఫ్ క్రెడిట్‌కు (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీకి) వర్తించే యూసీపీ 600 నియమం, బ్యాంకు అదీ చూస్తుంది.

వచ్చే ఏడాది సంగతి అలా ఉంచి, ఈ వారం చేయాల్సిన పని చెబుతాను. షిప్పింగ్ లైన్‌కు నష్టం గురించి నోటీసు ఇచ్చారా? బయటికి కనిపించని నష్టానికి డెలివరీ నుంచి 3 రోజుల్లో ఇవ్వాలి. గడువు దాటినా ఇవ్వండి, మీ హక్కు పోదు, రుజువు చేయడం మాత్రం కష్టమవుతుంది. కరగని కార్టన్లను వేరు చేయించి అమ్మకానికి పెట్టండి, కంపెనీకి ముందుగా ఈమెయిల్ చేసి. సహేతుకమైన ఆ ఖర్చు క్లాజుల ప్రకారం కంపెనీయే ఇవ్వాలి. మొత్తం కంటైనర్‌ను చెత్త కింద పారేస్తే నష్టం పెంచింది మీరే అంటారు. అన్నిటికంటే ముఖ్యం, షిప్పింగ్ లైన్ మీద దావాకు డెలివరీ నుంచి ఏడాది గడువు. బీమా కంపెనీతో ఉత్తరాలు నడుస్తుండగా ఆ ఏడాది గడిచిపోతే, షిప్పింగ్ లైన్ నుంచి డబ్బు రాబట్టుకునే తమ హక్కు పోగొట్టారని కంపెనీ రెండో తిరస్కరణ ఉత్తరం రాస్తుంది, ఈసారి మీ దగ్గర జవాబు ఉండదు. గడువు పొడిగిస్తున్నట్టు షిప్పింగ్ లైన్ నుంచి రాతలో ఇప్పుడే అడగండి.